ఉప్పునీటి సూది

మా చేపల పరిశోధన కేంద్రంలో అందరూ ఆయన్ని సూది బాబాయి అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుంది కానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. ఇరవైరెండేళ్ళుగా ఆయన పని చేపలకి సూది వెయ్యడం. డాక్టరు కాదు, శాస్త్రవేత్తా కాదు. పదో తరగతి కూడా గట్టెక్కలేదని ఆయనే నవ్వుతూ చెప్పుకుంటాడు. కానీ బతికున్న చేపని, అదీ అరచేతిలోంచి జారిపోయే జానెడు చేపని పట్టుకుని, కడుపు కింద రెక్క మొదట్లో ఒక్క చుక్క మందు ఎక్కించి, అది గింజుకునేలోపు నీళ్ళలో వదలడం మా దగ్గర ఆయన ఒక్కడికే చేతనవును. డిగ్రీలున్నవాళ్ళు ప్రయత్నిస్తే చేప ఒక దిక్కు, సూది ఒక దిక్కు, వాళ్ళు ఒక దిక్కు.

తొట్ల గది పొడవాటి రేకుల షెడ్డు. పదహారు నీలం తొట్లు, వాటిలో గడ్డిచేపలు, గాలి పంపుల బుడబుడ చప్పుడు, ఎప్పుడూ ఆరని సిమెంటు నేల. సూది వేసే రోజు బాబాయి మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, పొట్టి స్టూలు మీద కూర్చుని, ముందర రెండు బకెట్లు పెట్టుకునేవాడు. ఒకదాంట్లో లవంగనూనె కలిపిన నీళ్ళు. అందులో పడ్డ చేప కాసేపట్లో మత్తుగా పక్కకి ఒరుగుతుంది. రెండోదాంట్లో మామూలు నీళ్ళు, తేరుకోవడానికి. పొడిచెయ్యి తగిలితే చేప ఒంటి మీది జిగురు ఊడుతుందని ముందు తన చేతులు తడుపుకునేవాడు. చేపని ఎడమ అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి కుడిచేత్తో సూది వేసేవాడు. చేప నీళ్ళలోంచి పైకి రాగానే తన ఊపిరి బిగబట్టి, అది మళ్ళీ నీళ్ళలో పడ్డాకే వదిలేవాడు.

"దానికి ఊపిరాడనప్పుడు నాకు మాత్రం ఎందుకాడాలి? నాకు ఉక్కిరిబిక్కిరైందంటే దానికి ఆలస్యమైపోయిందని లెక్క" అనేవాడు.

ఆయన చొక్కాకీ చేతిసంచికీ, చివరికి ఆయన టీ తాగిన గ్లాసుకి కూడా లవంగం వాసన ఉండేది.

నేను ఆ షెడ్డుకి ఎదురుగా ఉన్న ఏసీ గదిలో పనిచేస్తాను. చేపల రోగాల మీద తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నానని బయట గొప్పగా చెప్పుకుంటాను కానీ, ఈ మధ్యదాకా బతికున్న చేపని నేను ముట్టుకోలేదు. నాకు భయం. నా దగ్గరికి చేప బియ్యపుగింజంత ముక్కగా, చిన్న గొట్టంలో, మంచు పెట్టెలో వస్తుంది. అందుకే బాబాయి నన్ను గొట్టాలమ్మాయి అంటాడు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది కాబట్టి వేరేవాళ్ళు ఆ మాటంటే ఊరుకోను. ఆయన అంటే ఊరుకుంటాను.

అన్ని చేపల్ని పొడిచిన మనిషికి సూదంటే హడలు. ఒకసారి తుప్పుపట్టిన మేకు కాల్లో దిగితే నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నర్సు సిరంజి పట్టుకుని రాగానే ముఖం గోడ వైపు తిప్పేసుకుని నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. నర్సుకి నవ్వాగలేదు.

"ఇంతకీ మీరేం పని చేస్తారండీ?" అంది.

"సూదులేస్తానమ్మా" అన్నాడు బాబాయి, గోడకి చెబుతున్నట్టు.

ఆయన మా కేంద్రానికి వచ్చిన కారణం మాత్రం నవ్వే సంగతి కాదు. అంతకు ముందు ఆయనకి కౌలుకి తీసుకున్న చేపల చెరువు ఉండేది. ఒక ఏడు పక్క ఊళ్ళలో చేపలకి ఎర్రమచ్చల రోగం తగిలింది. ఒళ్ళంతా నెత్తుటి మచ్చలు, రెక్కల మొదళ్ళలో పుండ్లు, వారం తిరిగేసరికి చెరువు మీద తెల్లగా తేలిన చేపలు. మందుల కంపెనీ మనిషి ఒకడు వచ్చి ఈయన చెరువు చూసి, రోగం మొదలైంది, రేపో మాపో అన్నీ పోతాయన్నాడు. బాబాయి బెదిరిపోయి, సగం ఎదగని చేపల్ని ఒక్క పూటలో వలవేసి ఎత్తించేశాడు. గట్టు అవతలి చెరువువాడు బద్ధకస్తుడు, ఏమీ చెయ్యలేదు. వాడి చేపలకి ఏమీ కాలేదు. రెండు చెరువులకీ ఒకే కాలవ నీళ్ళు. "రోగం వచ్చి నేను మునగలేదమ్మా. వస్తుందన్న మాట విని మునిగాను" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆయన గొంతులో వేళాకోళం ఉండేది కాదు.

ఇక మా పని గురించి చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. ఒంట్లోకి రోగం బాక్టీరియా దూరగానే చేపలో కొన్ని జన్యువులు మేలుకుంటాయి. మేలుకుని మిగతా కాపలావాళ్ళని లేపుతాయి. వాటిలో ఒకటి అందరికంటే ముందు అరుస్తుంది. కాగితం మీద దానికి అంకెలూ అక్షరాలూ కలిసిన పేరు ఉంది. మేము దాన్ని కేకల జన్యువు అంటాం. అది ఎంత గట్టిగా అరిచిందో ఆ చిన్న ముక్కని నలిపి యంత్రంలో పెట్టి నేను చెప్పగలను. కంటికి మచ్చ కనబడటానికి మూడు రోజులు పడుతుంది. కేక ఆరు గంటల్లో వినబడుతుంది. కాబట్టి రైతు ఒక్క చేప తెచ్చిస్తే, మచ్చలు రాకముందే రోగం ఉందో లేదో చెప్పేయొచ్చు. మా మేడమ్, అంటే కేంద్రం అధిపతి, అయిదేళ్ళుగా కంటున్న కల అది.

చిక్కు ఒక్కటే. ఆ జన్యువు అయినదానికీ కానిదానికీ అరుస్తుంది. వల తగిలినా, చెయ్యి తగిలినా, సూది గుచ్చినా అరుస్తుంది. అందుకని సగం చేపలకి రోగం సూది, అంటే ఆ బాక్టీరియానే ఎక్కించే సూది, వేస్తే, మిగతా సగానికి అచ్చం అలాగే పట్టుకుని, అదే చోట గుచ్చి, ఉత్త ఉప్పునీళ్ళు ఎక్కించాలి. రోగం చేప కేకలోంచి ఉప్పునీటి చేప కేక తీసేస్తే మిగిలేదే అసలు రోగం కేక. ఉప్పునీటి చేప లేకపోతే మా లెక్కలన్నీ గాల్లో మేడలే.

పోయిన ఏడాది పెద్ద ప్రయోగం చేశాం. నలభై చేపలకి రోగం, నలభైకి ఉప్పునీళ్ళు, పోలికకి ఇంకొన్ని అసలు ముట్టుకోకుండా వదిలినవి. ఒక ఉదయం బాబాయి షెడ్డు తలుపు వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం నుంచి నాకు గొట్టాలు రావడం మొదలైంది. ఏడు నెలలు పట్టింది నాకు అన్నీ నలిపి, కొలిచి, మళ్ళీ కొలిచి తేల్చడానికి. ముట్టుకోని చేప కేకని ఒకటి అనుకుంటే, రోగం చేపల కేక నలభై. ఉప్పునీటి చేపలది ఒకటి. నలభైకి ఒకటి! అంత శుభ్రమైన తేడా ఎవరికీ వచ్చినట్టు నేను చదవలేదు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళుతుంటే నా కాళ్ళు నేల మీద లేవు.

నెలవారీ సమావేశంలో మేడమ్ ఆ అంకెల గ్రాఫు తెర మీద వేసి, వెనక వరసలో కూర్చున్న బాబాయిని లేపి నిలబెట్టింది. "ఉప్పునీటి చేపలు చూడండి. అసలు సూది తగిలినట్టే లేదు వాటికి. అది ఈయన చెయ్యి" అంది. అందరం చప్పట్లు కొట్టాం, నేను అందరికంటే గట్టిగా. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. బాబాయి భుజాలు తడుముకోలేదు కానీ, కుడిచెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను అది చూశాను. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

తర్వాత వారం వ్యాసం రాయడానికి కూర్చుని, అలవాటుగా అంతకు ముందటేడు చేసిన చిన్న ప్రయోగం అంకెలు తీశాను. అప్పుడూ సూది వేసింది బాబాయే. అప్పటి ఉప్పునీటి చేపల కేక రెండు. ఇప్పుడు ఒకటి. సరిగ్గా ముట్టుకోని చేపలది ఎంతో అంత. పెద్దవుతున్నకొద్దీ చెయ్యి ఇంకా తిరిగింది కాబోలని సరిపెట్టుకున్నాను. అక్కర్లేని అనుమానం మనసులో ఉంటే దానికి మనమే సమాధానం వెతికి పెడతాం.

ఆ ఆదివారం నా తెల్లకోటు జేబు చిరిగితే కుట్టించుకుందామని బాబాయి వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని దర్జీ. ముందు గదిలో కిటికీ కింద మిషను, గోడకి వేలాడే కాగితపు కొలతలు, మూలన గుడ్డపీలికల సంచి. బాబాయి నీళ్ళ పంపు బాగుచేయించడానికి బయటికి వెళ్ళాడు. పిన్ని నా కోటు తిరగేసి చూసి, చేతికుట్టు వెయ్యాలంటూ సూదీ దారం నా చేతికిచ్చింది.

"కాస్త ఎక్కించి పెట్టమ్మా. నాకు బెజ్జం ఆనదు" అంది.

"రోజూ ఎవరెక్కిస్తారు పిన్నీ?"

"ఇంకెవరు, మీ బాబాయే. పొద్దున్నే పది సూదులకి దారాలెక్కించి దిండుకి గుచ్చి వెళ్ళేవాడు. ఏడాదిగా ఏదో ఒక వంక. ఓసారి దారం మంచిది కాదంటాడు, ఓసారి సూది మంచిది కాదంటాడు. మొన్న దారం నాలుకతో తడుపుతూ తడుపుతూ విసుగొచ్చి సూదే విసిరేశాడు. ఎన్నడూ లేంది!" పిన్ని గొంతు తగ్గించింది. "చెయ్యి వణుకుతోందమ్మా. నాకు తెలీదనుకుంటున్నాడు."

నేను దారం ఎక్కించాను. కోటు కుట్టే దాకా కూర్చున్నాను. పిన్ని ఏమేం మాట్లాడిందో ఒక్క ముక్క గుర్తులేదు. బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. ఏడాదిగా సూదిలోకి దారం ఎక్కించలేని చెయ్యి, నలభై చేపలకి సూది తగిలినట్టే లేకుండా ఎలా వేసింది?

సోమవారం పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. బాబాయి గాలిపంపుల రాళ్ళు బ్రష్షుతో రుద్దుతున్నాడు.

"బాబాయి, ఆ రోజు ఉప్పునీటి సూదులు వేశారా?" అన్నాను.

ఏ రోజని అడగలేదు ఆయన. బ్రష్షు పక్కన పెట్టాడు.

"వెయ్యలేదమ్మా."

"ఎన్నిటికి వెయ్యలేదు?"

"ఒక్కదానికీ వెయ్యలేదు. రోగం సూదులు ముప్ఫైయైదు అయ్యేసరికి చెయ్యి నా మాట వినడం మానేసింది. చివరి అయిదింటికి రెండేసిసార్లు గుచ్చాను. ఇంకో నలభై మిగిలాయి. వాటికి వేసేది మందా మాకా, ఉప్పునీళ్ళేగా! నా వణుకు కోసం వాటినెందుకు చిత్రహింస పెట్టడం అనిపించింది. వల కూడా వెయ్యలేదు."

"మరి సిరంజీలు ఖాళీగా వచ్చాయే!"

"ఉప్పునీళ్ళన్నీ గచ్చు మీద వదిలేశాను" అన్నాడు.

అప్పుడు నేనేమేం అన్నానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఏడు నెలల నా పని మట్టిలో కలిపారన్నాను. ఉప్పునీళ్ళేగా అనుకోడానికి మీరెవరన్నాను. చప్పట్లు కొట్టించుకోడానికి మొహమెలా చెల్లిందన్నాను. నా నోటికి అడ్డూ ఆపూ ఉండదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నేను ఆయాసపడి ఆగేదాకా ఆయన వింటూనే ఉన్నాడు.

"ఇంకా పద్నాలుగు నెలలుందమ్మా నా సర్వీసు" అన్నాడు చివరికి. "చెయ్యి వణుకుతోందంటే గేటు దగ్గర కుర్చీ వేస్తారు. వచ్చేపోయే బళ్ళ నంబర్లు రాసుకోవాలి. వలలు వేసే ఆయన్ని చూశావుగా, నడుం పట్టేసిందని అక్కడ కూర్చోబెడితే ఆర్నెల్లలో ముసలాడైపోయాడు. నేను సూది బాబాయినమ్మా. సూది తీసేస్తే నేనేమిటి?"

ఆయన బ్రష్షు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఇంతకీ ఆ ఉప్పునీళ్ళు ఎందుకు?" అన్నాడు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఇరవైరెండేళ్ళలో మాలో ఒక్కరం కూడా ఆయనకది చెప్పలేదు. వెయ్యమన్నాం, వేశాడు. జన్యువుల గురించి ఎక్కడెక్కడో ఉపన్యాసాలిచ్చిన నేను, పాతిక అడుగుల దూరంలో ఉన్న మనిషికి ఆ నాలుగు మాటలు చెప్పలేదు. అప్పుడు చెప్పాను, తొట్టి అంచు మీద కూర్చుని. కేక గురించి, చెయ్యి తగిలినా అది అరవడం గురించి, ఉప్పునీటి చేపని పక్కన పెట్టుకుని తీసివేత చెయ్యడం గురించి చెప్పాను. ఆ ఒకటి అబద్ధం కాబట్టి ఎంత కేక రోగానిదో, ఎంత కేక చేతిదో ఇప్పుడు మాకు తెలీదన్నాను. ఆ ఒకటి ఆధారంగానే మేడమ్ హద్దుగీత గీసింది. రైతు తెచ్చిన చేప కేక అయిదు దాటితే చెరువులో రోగం ఉన్నట్టే.

బాబాయి వింటూ వింటూ తెల్లబోయాడు.

"రైతు చేపని వలేసి, బకెట్లో కుదుపుకుంటూ తెస్తాడు కదా. అదే అయిదు అరిస్తేనో?"

"అరవచ్చు."

"అంటే రోగం లేని చెరువుకి రోగముందని మనం చెబుతాం." ఆయన తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. "నాకు చెప్పినట్టు."

గురువారం రైతుల సమావేశం. కొత్త పరీక్ష గురించి మేడమ్ వాళ్ళకి చెప్పబోయేది అప్పుడే. "అప్పటిదాకా ఆగమ్మా. నేనే చెబుతాను మేడమ్‌కి" అన్నాడు బాబాయి. సరేనన్నాను. ఆ మూడు రోజులు నాకు నిద్ర సరిగా పట్టలేదు. నిజం ఒప్పుకోవాలంటే, ఆయన చెప్పకపోతే బాగుండునని ఒక మూల నాకూ ఉంది. ఆ నలభై అన్న అంకె నాది. వ్యాసం మీద మొదటి పేరు నాది. తప్పు ఆయనది, ఫలితం నాది, ఇద్దరం నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసే దారి లేదు. మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. ఆయన మేడమ్ గది వైపు వెళ్ళనేలేదు. నా మీద నాకే అసహ్యం వేసేంత హాయిగా అనిపించింది నాకు.

గురువారం హాలు నిండింది. చెరువుల వాళ్ళు యాభై మందిదాకా వచ్చారు. మేడమ్ నా గ్రాఫు తెర మీద వేసి, నలభై చూపించి, ఒకటి చూపించి, అయిదు దగ్గర ఎర్రగీత చూపించింది. "ఈ గీత దాటితే ఆలస్యం చెయ్యకండి. వెంటనే చెరువు ఖాళీ చెయ్యండి" అంది. ముందు వరసలో ఒకాయన ఆ మాట పుస్తకంలో రాసుకుంటున్నాడు. లేచి ఆపాలనుకున్నాను. కుర్చీలోంచి లేవలేదు.

బాబాయి వెనక వరసలోంచి లేచాడు.

"రాసుకోకండి బాబూ" అన్నాడు ఆ రైతుతో. తర్వాత మేడమ్ వైపు తిరిగాడు. "ఆ ఒకటి తప్పండీ. ఆ చేపలకి నేను సూది వెయ్యలేదు. అసలు ముట్టుకోలేదు. నా చెయ్యి వణుకుతోంది, అది దాచుకోడానికి సిరంజీలు గచ్చు మీద ఒంపేశాను. గొట్టాలమ్మాయికి మొన్నటిదాకా తెలీదు. మీరు నా గురించి చప్పట్లు కొట్టింది నేను ముట్టుకోని చేపలకి."

కుడిచెయ్యి జేబులోంచి తీసి ముందుకు చాపాడు. ఆఖరి వరస నుంచి తెరదాకా ఉన్న వాళ్ళందరికీ ఆ వణుకు కనబడింది. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, తెర ఆపేసింది. రైతులకి క్షమాపణ చెప్పి, ఇంకో ఆర్నెల్లకి పిలుస్తామంది. అప్పుడు లేచాను నేను. నాకూ సోమవారం నుంచీ తెలుసన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే కానీ, అదయినా చెప్పాను.

"మేడమ్ ఒక్కరికే చెప్పొచ్చుగా బాబాయి, ఇంతమందిలో ఎందుకు?" అని తర్వాత అడిగాను.

"తప్పు మాట చెవిన పడింది వాళ్ళకి. ఒప్పు మాట కూడా వాళ్ళ చెవినే పడాలి కదమ్మా" అన్నాడు.

మేడమ్ ఆయనకి మందలింపు కాగితం ఇచ్చింది, నాకూ ఒకటిచ్చింది. వ్యాసం పంపకుండా ఆపేశాం. బాబాయిని డాక్టరుకి చూపించాం. నరాల వణుకు, ప్రాణానికేం భయం లేదు, కానీ సన్నపని చెయ్యలేరన్నాడు డాక్టరు. సూది పని తీసేశారు. గేటు దగ్గర కుర్చీ కూడా సిద్ధం చేశారు.

కానీ ప్రయోగం మళ్ళీ చెయ్యాలి, సూది ఎవరు వెయ్యాలి? మేడమ్ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"నాకు చేపలంటే భయమండీ" అన్నాను, తొమ్మిదేళ్ళ తర్వాత.

"నేను పట్టుకుంటాను, నువ్వు గుచ్చు. ఖాళీగా ఉన్నా, సూదిలాంటి సన్నది పట్టుకున్నా ఈ చెయ్యి వణుకుతుంది. బరువు పడితే కుదురుగానే ఉంటుంది" అన్నాడు బాబాయి.

నెల రోజులు నేర్పాడు నాకు. మొదట ఉడికించిన బంగాళదుంప మీద, తర్వాత చచ్చిన చేప మీద, తర్వాత అసలు దాని మీద. రెండు అరచేతుల దోసిట్లో ఆయన చేపని పడుకోబెడితే అది ఊరుకునేది. చేతులు నిజంగానే కదలలేదు. నేను మాత్రం మొదటి చేపకి కళ్ళు మూసుకున్నాను.

"కళ్ళు మూసుకోవలసింది నేనమ్మా, నువ్వు కాదు" అన్నాడు. "ఊపిరి బిగబట్టు. అదే వస్తుంది."

ఊపిరి బిగబట్టాను. సూది దిగింది. చేప నీళ్ళలో పడ్డాక ఇద్దరం ఒక్కసారే ఊపిరి వదిలాం.

ఈసారి ప్రయోగం నాలుగు రకాలుగా చేశాం. రోగం సూది చేపలు బాబాయి పట్టుకున్నవి. ఉప్పునీటి చేపల్లో సగం ఆయన పట్టుకున్నవి, సగం మా పంపుల మెకానిక్ పట్టుకున్నవి. మెకానిక్ మంచివాడే కానీ, చేపని పానా పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. నాలుగో రకం బాబాయి అడిగి పెట్టించాడు. రోగం లేని చేపల్ని వలవేసి, బకెట్లో వేసి, బండి మీద గంట తిప్పి తీసుకొచ్చారు, రైతు తెచ్చినట్టే.

అంకెలు వచ్చిన రోజు కాగితం పట్టుకుని షెడ్డుకి పరిగెత్తాను. బాబాయి స్టూలు మీద కూర్చుని బూట్లు కడుక్కుంటున్నాడు. గేటు కుర్చీకి ఆయన్ని ఇంకా పంపలేదు, మేడమ్ ఆ సంగతే మరిచిపోయినట్టుంది.

"రోగం చేపలు ఇరవైయారు, బాబాయి. నలభై కాదు. బకెట్లో తిప్పిన చేపలు తొమ్మిది" అన్నాను.

"తొమ్మిది!" అన్నాడు. పాత గీత అయిదు దగ్గర ఉందని ఆయనకి నేను గుర్తుచెయ్యక్కర్లేదు. ఆ గీత నిలిచి ఉంటే ఆరోగ్యంగా ఉన్న ఎన్ని చెరువులు ఖాళీ చేయించి ఉండేవాళ్ళమో ఇద్దరం లెక్కేసుకున్నాం. ఇప్పుడు మేడమ్ గీతని పైకి జరుపుతోంది. రైతులకిచ్చే కాగితంలో మొదటి మాట కూడా మార్చింది: చేతులు తడుపుకోండి, చేప నీటి బయట ఉన్నంతసేపు మీ ఊపిరి బిగబట్టండి.

"మెకానిక్ పట్టుకున్నవి ఆరు" అన్నాను. "మీరు పట్టుకున్నవి ఎంతో చెప్పండి."

"నాకేం తెలుసు?"

"ఒకటిన్నర. ఇంత తక్కువ ఎవరికీ రాదు బాబాయి. ఆ రోజు కొట్టిన చప్పట్లు ఇప్పుడు తీసుకోండి" అన్నాను. ఏడుస్తూ చెప్పాను, దాచను.

ఆయన బూటు కింద పెట్టి, కాగితం తీసుకున్నాడు. అది ఆయన చేతిలో వణికింది. ఈసారి దాచుకోలేదు. అంకె మీద వేలు పెట్టి కళ్ళు చికిలించి చూశాడు.

"నేను ముట్టుకోని చేపలది ఎంతన్నావు?"

"ఒకటి."

"ఇవి?"

"ఒకటిన్నర."

కాగితం నా చేతికి తిరిగి ఇచ్చేశాడు.

"సూదన్నాక ఆ మాత్రం నొప్పి ఉంటుందమ్మా. ఆ అర మనిద్దరిదీ. సూది నీది, పట్టు నాది. కొట్టెయ్యకు, రాసుకో" అన్నాడు.